పెచ్చులూడిన లోపలి గోడలను బాగుచేయుట

కాకినాడ ప్రాంతపు గ్రామములలో పంచాయతీ కార్యాలయమునకుగాని ప్రాథమిక పాఠశాలకుగాని పోయి లోపలి గోడల అడుగు భాగమును పరికించినచో, పెచ్చులూడని గోడ అరుదుగా కనిపించును. నేలనుండి రెండు మూడడుగుల ఎత్తు వరకు పూత ఉబ్బియుండును. చేయి తగిలినంతనే పొడి రాలును. కొన్నిచోట్ల ఇటుక బయటపడి, దానిపై తెల్లని ఉప్పు నూగువలె పేరుకొనియుండును. వర్షములు వెలిసిన పిమ్మట తాపీమేస్త్రిని పిలిపించి ఊడినమేర సిమెంటు పూయించుట, మరుసటి ఏట అది తన ప్రక్కనున్న పాత పూతను కూడ వెంటబెట్టుకొని పడిపోవుట, మరల పంచాయతీ నిధులనుండి సొమ్ము తీయుట, ఇది చాల గ్రామములలో ఆనవాయితీగా మారినది. ఇటుక గోడల లోపలి పూత ఎందులకు వదులగునో, ఎందులకు పగులునో, దానిని నిలుచునట్లు బాగుచేయించు విధమెట్టిదో ఈ వ్యాసమున పంచాయతీ సభ్యులకు తెలియజేయదలచితిమి.

పెచ్చులూడుట చూపునకు అసహ్యమే గాని ప్రమాదము కాదని కొందరు తలతురు. అది సరికాదు. కొన్ని సంవత్సరముల క్రిందట సముద్రపుటొడ్డునగల ఒక గ్రామపు పాఠశాలను మేము చూడబోయితిమి. అంతకు రెండు దినముల ముందు ఒక తరగతి గదిలో, నల్లబల్లకు పైభాగమున, తలుపు రెక్కంత పూత ఒక్కసారిగా విడివడి క్రిందపడెను. పిల్లలు మధ్యాహ్న భోజనమునకు లేచిపోయిన సమయమగుటచే ఎవరికిని దెబ్బ తగులలేదు. అంగుళము మందమున్న సిమెంటు పూత చదరపు అడుగు మేర నాలుగైదు కిలోల బరువుండును. అట్టిది ఏడెనిమిదడుగుల ఎత్తునుండి పసిపిల్లవాని తలపై పడినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఆ గోడకు అంతకుముందు రెండుమార్లు పూత వేయించిరి. కాని మేడమీదికి ఎక్కి చూచినవారు లేరు. నిచ్చెన వేయించి మేము ఎక్కి చూడగా, వాననీరు పోవు తూము వేపాకులతోను మట్టితోను పూడిపోయి, సరిగా ఆ గోడమీదనే నీరు నిలిచియుండెను. తూమును శుభ్రపరచుట ఒక మనిషికి ఒక పూట పని.

గోడపై కనిపించు జబ్బునకు కారణము తరచుగా గోడలో ఉండదు. పైకప్పులోనో, మురుగుకాలువలోనో, వీధిలోనో ఉండును. అందు చాలభాగము పంచాయతీవారి చేతిలోని పనియే. కావున మేస్త్రికి కబురు పంపుటకు పూర్వమే సభ్యులు తాముగా చేయదగిన పరీక్ష కొంత కలదు.

తట్టి చూచుట

సుత్తి పిడితోగాని, ముడిచిన వ్రేళ్ళ కణుపులతోగాని గోడనంతను జానెడు జానెడు దూరమున తట్టుచు పోవలెను. ఇటుకను గట్టిగా పట్టుకొనియున్న పూత నిండు శబ్దము నిచ్చును. లోపల విడిపోయినచోట డొల్ల శబ్దము వచ్చును. కంటికి నున్నగా, సున్నము వేసి చక్కగా కనిపించు భాగము కూడ డొల్లగా ఉండవచ్చును. నిజమునకు అట్టివే ప్రమాదకరములు. డొల్లయైన మేరనంతను బొగ్గుతో గీసి, పది అడుగులు వెనుకకు జరిగి ఆ గీతల ఆకారమును చూడవలెను. కారణము చాలవరకు అచ్చటనే తెలిసిపోవును. గోడ పొడవునను అడుగు భాగమున పట్టీవలె ఉన్నచో నేలలోని చెమ్మ పైకి ఎక్కుచున్నదన్నమాట. పైకప్పునకు ఆనుకొని ఉన్నచో కప్పుగాని తూముగాని కారుచున్నది. కిటికీ క్రింద మాత్రమే ఉన్నచో కిటికీ గట్టునుండి వాననీరు లోపలికి దిగుచున్నది. గోడ నడుమ గుండ్రముగా ఉన్నచో గోడకు ఆవలివైపున నీటితొట్టి, కుళాయి, స్నానపు గది మున్నగునవి ఏవియున్నవో చూచి రావలెను.

చెమ్మ గోడలోనిదో గదిలోని గాలిదో అనుమానము కలిగినచో, మూరెడు పాలిథీన్ కాగితమును గోడపై పరచి నాలుగంచులను గాలి చొరకుండ అంటించి ఒకటి రెండు దినములు ఉంచవలెను. కాగితము వెనుక, అనగా గోడవైపున నీటిబొట్లు కట్టినచో చెమ్మ గోడలోనిది. గదివైపున కట్టినచో గాలిలోని తేమ చల్లని గోడపై చేరుచున్నది. అప్పుడు కిటికీలు తెరచియుంచుటయే మొదటి వైద్యము.

తుపానుల సంగతి వేరు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానువంటి గాలివానలో నీరు గోడపై జారిపోక, అడ్డముగా కొట్టి లోనికి చొచ్చును. అట్లు తడిసిన తొమ్మిదంగుళముల ఇటుక గోడ లోలోపల ఆరుటకు నెలలు పట్టును. తుపాను వెలిసిన వారమునకే పూతపని ఆరంభించుట సొమ్మును నీటిలో పోయుటయే.

వీధి ఎత్తగుట

మన పూర్వులు ఇంటికి అరుగు కట్టి, గోడకు పైన చూరును ముందునకు చాచి పెట్టెడివారు. చూరు వాననీటిని గోడకు దూరముగా పడవేసెడిది. అరుగు గోడ మొదలును వీధి తడికి అందకుండ ఎత్తున నిలిపెడిది. డెల్టా భూములలో రెండడుగులు త్రవ్వినచో నీరు కనిపించు గ్రామములు కలవు గనుక ఈ కట్టుబడి అలంకారమునకై ఏర్పడినది కాదు. తరువాతి కాలమున పెంకుటికప్పులు పోయి స్లాబులు వచ్చినవి. స్లాబు అంచు జానెడు మాత్రమే ముందునకు వచ్చుచున్నది. దానికి తోడు గ్రామవీధులలో సిమెంటు రోడ్లు వేయునపుడు పాత రోడ్డును త్రవ్వి తీయక, దానిపైననే కొత్తది వేయుట సాధారణమైనది. రెండు మూడు పర్యాయములు ఇట్లు జరుగగా వీధి అరుగుకంటె ఎత్తగును. పాఠశాల గది నేల వీధికంటె పల్లమగును. వాననీరు, మురుగునీరు గోడ మొదటనే నిలుచును. పునాదిపై చెమ్మ ఎక్కకుండ వేసిన పొర ఉన్నను, అది మట్టిలో కప్పబడిపోయి నిష్ప్రయోజనమగును.

రోడ్డు వేయించినది పంచాయతీయే. పెచ్చులూడుచున్నది పంచాయతీ భవనమే. ఈ రెండింటికిని గల సంబంధమును గుర్తించిన తీర్మానములు మేము చూచినవి మిక్కిలి తక్కువ. రోడ్డు అంచనా తయారగునాడే, గోడ మొదటికిని రోడ్డునకును నడుమ కాలువ ఉండవలెననియు, రోడ్డు మట్టము గది నేలకంటె దిగువగా ఉండవలెననియు సభ్యులు పట్టుపట్టవలెను. ఇప్పటికే ఎత్తైపోయిన చోట్ల, గోడ చుట్టును పేరుకొన్న మట్టిని తీసి, రెండు మూడడుగుల వెడల్పున గోడనుండి దూరముగా వాలునట్లు గచ్చు చేయించి, నీటిని కాలువలోనికి మరల్చవలెను. ఇది జరుగక లోపల ఎంత మేలైన పూత వేసినను నిలువదు.

ఉప్పు చేయు పని

సముద్రతీర గ్రామములలో ఉప్పు మూడు దారుల గోడలోనికి చేరును. భూమిలోని ఉప్పునీరు ఇటుకలోని సన్నని రంధ్రముల ద్వారా దీపపు వత్తిలో నూనెవలె పైకి ఎక్కుట ఒకటి. చౌడు మట్టితో చేసిన ఇటుక రెండవది. ఉప్పుటేటి ఇసుక, ఉప్పుబావి నీరు వాడి పని చేయుట మూడవది. నీరు గోడపైకి వచ్చి ఆవిరియైపోవును, ఉప్పు మిగిలిపోవును. అది పూతకును ఇటుకకును నడుమ స్ఫటికములుగా గట్టిపడి, పెరుగుచు పూతను బయటికి నెట్టును. వర్షకాలమున కరగును, ఎండాకాలమున మరల గట్టిపడును. ఇట్లు ఏటేట జరుగగా ఇటుక ముఖము కూడ పొడియై రాలిపోవును.

ఈ స్థితిలో గట్టి సిమెంటు పూత వేయుట మేలని తోచును. కాని ఫలితము విపరీతముగా ఉండును. దట్టమైన సిమెంటు పూత గుండ చెమ్మ బయటికి రాలేదు. దారి దొరకని చెమ్మ పూతకు వెనుకనే ఇంకను పైకి ఎక్కి, పూత ముగిసినచోట బయటపడును. మొదట రెండడుగుల ఎత్తుననున్న తడిగీత, సిమెంటు వేసిన తరువాత నాలుగడుగులకు పోవుటకు కారణమిదియే. కార్యాలయములలో ఆ తడిగీత కనబడకుండ అడుగు భాగమునకు ఆయిల్ పెయింటు వేయు అలవాటొకటి కలదు. అది పుండును గుడ్డతో కప్పుటవంటిది. తెల్లగా నున్నగా ఉండునని చెమ్మ గోడకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూయించుటయు ఇట్టిదే. అది తడికి మెత్తబడి ముద్దయై ఊడును.

పాత గోడలకు ఏది తగునో తెలియుటకు కొంత చరిత్ర అవసరము. నేడు మనము వాడు పోర్ట్‌లాండు సిమెంటు పేరున లీడ్సు పట్టణపు జోసెఫ్ ఆస్ప్డిన్ హక్కుపత్రము పొందినది 1824లో. మనదేశమున పోరుబందరు కర్మాగారమునుండి సిమెంటు వెలువడినది 1914లో. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర ఆధ్వర్యవమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆనకట్ట కాలమునకు ఇచ్చట సిమెంటు పరిశ్రమ ఊసే లేదు. నాటి కట్టుబడి సున్నమునకే చెల్లినది. సిమెంటు వచ్చిన పిమ్మట కూడ గ్రామములలో చాలకాలము డంగు సున్నమే వాడిరి. కాకినాడ అఖాతమున దొరకు గుల్లలను కాల్చి చేసిన గుల్లసున్నము ఈ ప్రాంతపు మేస్త్రులకు చిరపరిచితము. కావున జగన్నాథపురపు పాత ఇండ్లవంటి కట్టడములను, గ్రామములలోని పాత సత్రములను, పాఠశాలలను సున్నపు గోడలుగానే ఎంచి, పరీక్షించిన పిమ్మటనే చేయి పెట్టవలెను. మేకుతో గీసిన చాలును. సున్నపు పూత తెల్లగా పొడి రాలును. సిమెంటు పూత బూడిదరంగున ఉండి మేకునకు లొంగదు.

పూత ఎన్నడును గోడకంటె గట్టిదిగా ఉండరాదు. మెత్తని ఇటుక, సున్నపు అతుకు గల గోడపై గట్టి సిమెంటు వేసినచో, కదలిక వచ్చినపుడు పూత నిలిచి ఇటుక తెగును. సున్నపు గోడకు సున్నము, సిమెంటు గోడకు పలుచని పాళ్ళ సిమెంటు అని సభ్యులు గుర్తుంచుకొన్నచో సగము నష్టము తప్పును.

బీటలు

అన్ని బీటలును ఒకటి కావు. సాలెగూడువలె సన్నగా అల్లుకొన్న వెంట్రుకవాసి బీటలు, పూత త్వరగా ఆరిపోవుటచేతనో సిమెంటు ఎక్కువగుటచేతనో వచ్చును. డొల్ల శబ్దము లేనిచో వాటిని కదలింపక సున్నము వేసిన చాలును. కిటికీ మూలనుండి మెట్లుమెట్లుగా ఏటవాలుగా పోవు బీట పునాది కదలుటను తెలుపును. నల్లరేగడి నేల తడికి ఉబ్బి ఎండకు కుంగుట దీనికి ముఖ్యకారణము. స్లాబు క్రింద అడ్డముగా పోవు బీట, స్లాబు ఎండకు సాగి చల్లనికి ముడుచుకొనుటచే ఏర్పడును. పాత గోడకు కొత్త గోడ కలిపినచోట నిలువు బీట వచ్చుట సహజము.

బీట నిలిచినదో ఇంకను కదలుచున్నదో తెలిసికొనక పూయించుట వృథా. పలుచని గాజుముక్కను బీటకు అడ్డముగా పెట్టి, రెండు కొసలను సిమెంటుతో అంటించి, ప్రక్కన తేదీ వ్రాయవలెను. ఒక వర్షకాలము, ఒక వేసవి గడచునప్పటికి గాజు చిట్లినచో గోడ కదలుచున్నదన్నమాట. వ్రేలు దూరునంత వెడల్పైన బీటకును, గాజు చిట్లిన బీటకును ఇంజనీరును పిలువవలెనే గాని మేస్త్రిని కాదు. అట్లే స్లాబు అడుగున గోధుమరంగు మరకలతో పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపించినచో అది గోడపూత సంగతి కానే కాదు. ఆ గదిని వెంటనే ఖాళీ చేయించి ఇంజనీరునకు చూపవలెను.

పని చేయించు విధము

నీరు వచ్చు దారి మూసి, గోడకు ఆరుటకు వ్యవధి యిచ్చిన పిమ్మట పని ఆరంభింపవలెను. గదిలో పిల్లలుండరాదు. గోడలో విద్యుత్తు తీగలున్నచో మెయిను ఆపవలెను. బొగ్గు గీతల లోపలి డొల్ల పూతను ఉలితో మెల్లగా తీసి, గట్టి పూత తగులువరకు పోవలెను. పెద్ద సుత్తితో బాదినచో మంచి పూత కూడ వదులగును. అంచులను పలుచగా వాల్చి విడువక, నిలువుగా, లోపలివైపునకు కొంచెము తొలిచినట్లు కోయవలెను. కొత్త పూత ఆ గాడిలో కూర్చుండును. ఇటుకల నడుమ అతుకులను సుమారు అర అంగుళము లోతున గోకి తీయవలెను. పూతకు పట్టు ఇచ్చునవి ఈ అతుకులే. తొందరపడు మేస్త్రులు మొదట విడిచిపెట్టునదియు ఇదియే.

బయటపడిన ఇటుకపై ఉప్పు తేలినచో నీటితో కడుగరాదు. కడిగినచో కరిగి మరల లోనికి పోవును. పొడి కుంచెతో దులిపి, రాలినదానిని ఎత్తి బయట పారవేయవలెను. రెండు మూడు వారములు గోడను అట్లే విడిచి, తేలినపుడెల్ల దులిపిన మంచిది. పెచ్చులూడిన గోడ అన్నాళ్ళు కనబడుట నామోషీయని సర్పంచులు తొందరపెట్టుట కద్దు; ఆ తొందరకు మరుసటి ఏట మూల్యము చెల్లింపవలసివచ్చును.

పనికి గోదావరి కాలువ నీరుగాని, త్రాగదగిన నీరుగాని వాడవలెను. ఇసుక నదిది కావలెను. నాలుకపై వేసికొన్నచో ఉప్పన తెలిసిపోవును. గుప్పెడు ఇసుకను గాజుగ్లాసు నీటిలో కలిపి నిలిపినచో పైన తేలు మట్టిపొర ఎంతయో కనిపించును. పొర మందముగా ఉన్నచో కడిగి వాడవలెను.

సిమెంటు గోడ లోపలివైపునకు ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుక చాలును. గట్టిదనముకొరకు మేస్త్రి మూడు పాళ్ళకే కలుపబోయినచో వారింపవలెను. అది ఆరునపుడు ముడుచుకొని పగులును. సున్నపు గోడకు ఒక పాలు సున్నపు ముద్ద, ఒక పాలు మెత్తని ఇటుకపొడి అనగా సుర్కీ, ఒక పాలు ఇసుక కలుపవలెను. గుల్లసున్నము మిక్కిలి స్వచ్ఛమైనది గనుక గాలి తగిలియే గట్టిపడును. చెమ్మగల చోట దానికి బలమిచ్చునది సుర్కీ. గోడ పొడిగా ఉండి, సున్నపు పని తెలిసిన మేస్త్రి దొరకనిచో ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్ళు ఇసుక కలిపిన మధ్యరకపు పాళ్ళు వాడవచ్చును.

సున్నమును పనికి చాల ముందుగానే నీటిలో వేసి విరియించి, జల్లెడపట్టి, కనీసము రెండు వారములు తడిముద్దగా నిలువయుంచవలెను. విరియని పలుకులు పూతలో మిగిలినచో తరువాత ఎన్నడో తేమ తగిలి ఉబ్బి, గోడపై చిన్న చిన్న గుంటలు చేయును. కాల్చిన సున్నము నీటిలో మరగునపుడు చిమ్మును. పిల్లలను దరికి రానీయరాదు. కంటిలో పడినచో శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డంగు గానుగలు మన గ్రామములలో అరుదైనవి గాని, కొద్దిపాటి పనికి రోటిలో దంచిన చాలును. పాతకాలపు మేస్త్రులు బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపెడివారు. మేడలకు తుది నునుపునకై కోడిగ్రుడ్డు తెల్లసొన కూడ వాడెడివారు. పాఠశాల గోడకు ఇవి లేకున్నను లోపము లేదు. సున్నము బాగుగా నానుటయు, ముద్ద బాగుగా దంగుటయు ముఖ్యము.

పూత వేయుటకు ముందు ఇటుకను పలుమార్లు తడుపవలెను. పొడి ఇటుక పూతలోని నీటిని పీల్చివేయును. అట్లని నీరు జారుచుండగా వేయరాదు. మొదటి పొరను అర అంగుళమునకు మించకుండ తాపీతో విసరికొట్టి, గట్టిపడకముందే గీతలు గీచి ఉంచవలెను. లోతైన గుంటలను ఒక్కమారే పూడ్చక, పొరపై పొరగా రెండు మూడు దినములలో నింపవలెను. తుది పొరను మట్టపు బద్దతో పాత పూత మట్టమునకు సరిచేయవలెను. అగ్గిపుల్ల దూరునంత వెడల్పై నిలిచిపోయిన బీటను లోపల వెడల్పుగా, బయట ఇరుకుగా తొలిచి, దుమ్ము దులిపి, తడిపి, అదే ముద్దతో గట్టిగా కూరవలెను.

సిమెంటు పూతను ఏడు దినములకు తగ్గకుండ తడుపుచుండవలెను. సున్నపు పూత నెమ్మదిగా గట్టిపడును గనుక రెండు వారములు నీరు చిలుకరించుచు, గాలి ఎండ నేరుగా తగులకుండ తడి గోనెలు వ్రేలాడదీయవలెను. పాఠశాలలలో ఒక చిక్కు కలదు. దసరా సెలవులనాటికి గోడలు తడిగా ఉండును. వేసవి సెలవులలో ఎండకు పూత త్వరగా ఆరి పగులును. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు గల కాలమే ఈ పనికి అనుకూలము. అప్పుడు బడి నడచుచుండును గనుక ఒక్కొక్క గదిని ఖాళీ చేయించి చేయించుట మాకు మేలుగా తోచుచున్నది. వేసవిలోనే చేయింపవలసివచ్చినచో కిటికీలు మూసి, గోనెలను పగలు మూడు నాలుగు పర్యాయములు తడుపుటకు ఒక మనిషిని ప్రత్యేకముగా నియమింపవలెను.

అంచనాపట్టికలో పూతకు చదరపు మీటర్ల లెక్కన ధర వ్రాయుట వాడుక. అందులో తూము బాగుచేయుట, గోడ మొదట మట్టి తీయుట, అతుకులు గోకుట, తడుపుట అను పనులు చేరియున్నవో లేవో సభ్యులు అడిగి తెలిసికొనవలెను. చేరనిచో చేర్పింపవలెను. మరియు, పాత పూత ఊడదీసిన తరువాత కనీసము ఇద్దరు సభ్యులు ఆ ఇటుకను కంటితో చూచువరకు కొత్త పూత వేయనీయరాదని తీర్మానములోనే వ్రాయించిన మంచిది. పూత వేసిన పిమ్మట లోపల ఏమి జరిగినదో చెప్పగలవారుండరు.

పూత పూర్తిగా ఆరిన తరువాత రెండుమార్లు పలుచని సున్నము వేయింపవలెను. పాత గోడలకు కొన్ని సంవత్సరములపాటు ఆయిల్ పెయింటుగాని ప్లాస్టిక్ పెయింటుగాని వేయింపరాదు. పని చేసిన తేదీ, వాడిన పాళ్ళు, డొల్ల తీసిన మేర ఎంతయో పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచి, వర్షములు వెలిసిన పిమ్మట కార్తీకమాసమున అదే గోడను మరల తట్టి చూడవలెను.